పొగ, నిప్పు, రాజేసిన చేయి

కోనసీమలో, మామిడికుదురు మండలం ఆదుర్రులో, వైనతేయ గోదావరి పాయకు చేరువగా ఒక ఇటుకల స్తూపం అడుగుభాగం ఉంది. 1953లో జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, విహారాల ఆనవాళ్లు ఇక్కడ బయటపడ్డాయి. వాటిలో పెద్దదైన మహాస్తూపం పునాది బండిచక్రంలా ఉంటుంది: నడుమ కుండ, దాన్నుంచి చుట్టూ విచ్చుకున్న ఆకులు, అంచున గుండ్రని గోడ. నాలుగు దిక్కులా ఆయక వేదికలు. సముద్రం ఇక్కడికి సుమారు 8 కిలోమీటర్లు. ఊరివాళ్లు దీన్ని దుబరాజు గుడి అంటారు. అశోకుని కుమార్తె సంఘమిత్ర బోధివృక్షపు కొమ్మతో సింహళానికి వెళ్తూ ఇక్కడ ఆగిందని, ఈ స్తూపానికి పునాది వేసింది ఆమేనని తరతరాలుగా చెప్పుకుంటారు.

ఒక పుణ్యస్థలం గురించి ఇలా నిలిచివచ్చిన మాటను లెక్క నిర్ధారించగలదా, కొట్టివేయగలదా, రెండూ చేయలేకపోతే ఎక్కడ ఆగాలి అన్నది పాత ప్రశ్నే. భారతీయ తర్కం దీన్ని ప్రమాణాల చర్చగా చూసింది, పాశ్చాత్యులు అద్భుతాల మీద సాక్ష్యం చెల్లుతుందా అన్న వివాదంగా చూశారు. ఇప్పుడది విశ్వవిద్యాలయాల్లో ఒక ఉద్యోగం ముందుకు కూడా వచ్చింది. పురావస్తు పరిశోధనలో గణాంక నమూనాలు కట్టే వ్యక్తి రోజూ చేసే పని, విప్పి చూస్తే, ఈ ప్రశ్నకు చిన్నచిన్న జవాబులు రాయడమే.

ఆ ఉద్యోగానికి తెలుగువారితో తొలినాళ్ల నుంచీ సంబంధం ఉంది. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ దగ్గర గణాంక శాస్త్రంలో స్థిరపడిన సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది ఒక తవ్వకం కోసమే. సూడాన్‌లోని జెబెల్ మోయా వద్ద 1911-14 మధ్య హెన్రీ వెల్‌కమ్ తవ్వించిన ప్రాచీన శ్మశానం నుంచి వచ్చిన ఎముకల కొలతలను అక్కడ విశ్లేషించాలి. ఒక్కో పుర్రెకు ఎన్నో కొలతలు. ఆ కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి విడివిడిగా పోలిస్తే తప్పుదారి పడతారు. అన్నిటినీ కలిపి రెండు గుంపుల మధ్య దూరం ఎంతో చెప్పే కొలమానాన్ని మహలనోబిస్ అంతకుముందే ఇచ్చారు. ఆ పద్ధతితో చేసిన పని ముఖర్జీ, రావు, ట్రెవర్ ముగ్గురి పేర 1955లో పుస్తకంగా వచ్చింది. ఈ పని చేస్తూనే రావు ఆర్.ఎ. ఫిషర్ పర్యవేక్షణలో 1948లో డాక్టరేటు పొందారు. గణాంక శాస్త్రంలో ఆయన పేరుతో నిలిచిన సూత్రాల వైభవంలో ఈ ఎముకల కథ మరుగున పడింది. పడకూడదు. ఎవరో, ఏ దేవుణ్ని కొలిచారో, ఏ భాష మాట్లాడారో తెలియని మనుషుల గురించి, మిగిలిన ఎముకల్ని బట్టి ఏ మేరకు మాట్లాడవచ్చో, ఎక్కడ మాట ఆపాలో నేర్పిన పని అది.

ఇప్పుడు అదే ఉద్యోగంలో ఎముకలకన్నా బొగ్గుముక్కలు ఎక్కువ. పొరల క్రమం తవ్వినవాళ్లు చెబుతారు, బొగ్గు వయసు ప్రయోగశాల చెబుతుంది. రెండిటినీ ఒక్కచోట కూర్చి ఏ కట్టడం ఎప్పుడు మొదలై ఉండవచ్చో, ఎంతకాలం సాగి ఉండవచ్చో సంభావ్యతలుగా తేల్చడం గణాంకవేత్తల వంతు. ఇందుకు వాడే సూత్రం 18వ శతాబ్దపు ఇంగ్లండులో థామస్ బేయిజ్ అనే క్రైస్తవ బోధకుడిది. ఆయన పోయాక 1763లో దాన్ని వెలుగులోకి తెచ్చిన రిచర్డ్ ప్రైస్ కూడా బోధకుడే. అద్భుతాల గురించి ఎంత సాక్ష్యమున్నా నమ్మరాదని తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లో వాదిస్తే, ప్రైస్ ఆ వాదాన్ని ఎదుర్కోవడానికి ఈ లెక్కనే ఆయుధంగా పట్టుకున్నాడు. నేడు కంప్యూటర్లలో నడిచే ఈ సూత్రం పుట్టిన కొత్తలోనే మతవిశ్వాసపు వాకిట నిలబడింది. సూత్రం చెప్పేది ఇంతే: సాక్ష్యం చూడకముందు ఒక మాట మీద ఎంత నమ్మకముందో చెప్పు, ఆ మాట నిజమైతే ఈ సాక్ష్యం దొరికే అవకాశమెంత, అబద్ధమైతే దొరికే అవకాశమెంత అని అడుగు, ఆ రెండిటి నిష్పత్తి మేరకు నమ్మకాన్ని పెంచు, లేదా తగ్గించు.

కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తెలుసుకోవడాన్ని మన శాస్త్రాలు అనుమానం అన్నాయి. దానికి అందరికీ తెలిసిన ఉదాహరణ కొండ మీది పొగ. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రాసిన తర్కసంగ్రహంతో చదువు మొదలుపెట్టే విద్యార్థికి మొదట ఎదురయ్యేది అదే. వంటింట్లో పొగా నిప్పూ ఎప్పుడూ కలిసి కనబడతాయి. చెరువులో నిప్పూ లేదు, పొగా లేదు. కాబట్టి కొండ మీద పొగ కనబడితే నిప్పు ఉన్నట్టే. ఈ విడవని తోడును వ్యాప్తి అన్నారు. అయితే దీన్ని తలకిందులు చేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుందంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చి కట్టె కావాలి. ఆ పచ్చి కట్టెలాంటి దాగిన షరతుకు నైయాయికులు, అంటే న్యాయదర్శన తార్కికులు, ఉపాధి అని పేరు పెట్టారు. గణాంకవేత్తలు రెండు విషయాల మధ్య పొత్తు కనబడగానే, ఆ రెండిటి వెనుకా ఉన్న మూడోదాని కోసం వెతుకుతారు. పేరు వేరైనా వెతుకులాట అదే.

ఆదుర్రు కథలో ఇలాంటి ఉపాధి లేకపోలేదు. స్తూపమూ ఉంది, సింహళానికి వెళ్లే దారి కథా ఉంది, కాబట్టి కథ నిజమే అనిపిస్తుంది. కానీ సముద్రానికి దగ్గరగా, నదీముఖాన ఉన్న చోట వర్తకుల రాకపోకలుంటాయి. వర్తకులున్న చోట బౌద్ధ విహారాలు వెలిశాయని అమరావతి మొదలు సాలిహుండం వరకు కోస్తా అంతా చెబుతుంది. ఆ ఓడల రాకపోకలే స్తూపానికీ కారణం, సింహళపు కథకీ కారణం కావచ్చు. అప్పుడు స్తూపం కథకు సాక్ష్యం కాదు, తోబుట్టువు. ఇంకో ఆకర్షణా ఉంది. ఏటి నడుమ మేట వేసిన నేలను కోనసీమలో లంక అంటారు, ఎన్నో ఊళ్ల పేర్లు ఆ మాటతోనే ముగుస్తాయి. సంఘమిత్ర వెళ్లిందీ లంకకే. వినడానికి ఇంపుగా ఉన్నంత మాత్రాన దీన్ని లెక్కలో చేర్చకూడదు.

కథ మొత్తాన్ని ఒకే ముద్దగా తూచాలని చూస్తే తక్కెడ ఏమీ చెప్పదు. అందులో కనీసం మూడు మాటలున్నాయి. పునాది అశోకుని కాలానిది. ఆనాడు ఓడ ఆగగల తీరం ఆ దగ్గర్లో ఉంది. పునాది వేసింది సంఘమిత్ర. ఈ మూడూ ఒక్క ప్రమాణానికి లొంగేవి కావు.

మొదటిది బొగ్గుకు సంబంధించినది. చెట్టు బతికున్నంతకాలం గాలిలోని కార్బన్‌ను తీసుకుంటూ ఉంటుంది. చచ్చాక అందులోని కార్బన్-14 సుమారు 5,730 ఏళ్లకు సగం చొప్పున తరుగుతూ పోతుంది. విల్లార్డ్ లిబీ 1940ల చివర ఈ పద్ధతిని నిలబెట్టి 1960లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అయితే గాలిలో కార్బన్-14 పాళ్లు అన్ని శతాబ్దాల్లో ఒకేలా లేవు. అందుచేత ప్రయోగశాల ఇచ్చిన అంకెను చెట్ల వలయాలతో కట్టిన సవరణ రేఖ మీద పెట్టి అసలు సంవత్సరాలుగా మార్చుకోవాలి. ఆ రేఖ కొన్నిచోట్ల నిటారుగా దిగుతుంది, కొన్నిచోట్ల గట్టు మీద దారిలా చదునుగా పోతుంది. క్రీ.పూ. 800 నుంచి 400 వరకు దాదాపు చదును. బుద్ధుని జీవితకాలంగా పండితులు ప్రతిపాదించే తేదీల్లో చాలా భాగం సరిగ్గా అక్కడే పడతాయి. క్రీ.పూ. 4, 3 శతాబ్దాల్లోనూ రేఖ వంకర్లు పోతుంది. ఆదుర్రు పునాది కింద ఒక బొగ్గుముక్క దొరికిందనీ, ప్రయోగశాల దాని వయసు 2,200 ఏళ్లు, 30 అటూ ఇటూ అందనీ అనుకుంటే, సవరించాక వచ్చే జవాబు ఇంచుమించు క్రీ.పూ. 370 నుంచి 180 వరకు. అశోకుడు రాజ్యం చేసింది సుమారు క్రీ.పూ. 268 నుంచి 232 వరకు. ఆ కాలం ఈ కిటికీ నడుమ ఇముడుతుంది. దాని ముందున్న శతాబ్దమూ ఇముడుతుంది, వెనుకనున్న అర్ధశతాబ్దమూ ఇముడుతుంది.

ఇంత వెడల్పు కిటికీతో నమ్మకం ఎంత పెరుగుతుందో వేళ్ల మీద లెక్కించవచ్చు. అంకెలు ఉదాహరణ కోసమే. ఇలాంటి కథ ఉన్న వెయ్యి ఊళ్లు ఉన్నాయనుకుంటే, తవ్వకముందు అందులో వంద ఊళ్ల పునాదులే నిజంగా అశోకుని కాలానివని ఒకరు భావిస్తారు. ఆ వందలో 95 చోట్ల బొగ్గు పై కిటికీలో పడుతుంది. మిగిలిన 900 ఊళ్ల స్తూపాలు తర్వాతి శాతవాహన, ఇక్ష్వాకుల కాలాలవి. అయినా వాటిలో అయిదింట ఒక చోట బొగ్గు పాతదిగానే తేలుతుంది: స్తూపానికి ముందే అక్కడ మనుషులు పొయ్యి రాజేసి ఉండవచ్చు, లేదా వాడిన కలప ముదురు చెట్టు నడిబొడ్డుదై ఉండవచ్చు. అంటే 180. మొత్తం 275 ఊళ్లలో బొగ్గు కథకు అనుకూలంగా కనబడుతుంది, నిజంగా అశోకుని కాలానివి వాటిలో 95. పదోవంతు నమ్మకం మూడోవంతుకు కాస్త మించింది. పెరుగుదల చిన్నది కాదు, రుజువు మాత్రం కాదు. మరో పది బొగ్గుముక్కలు, వాటి పొరల వరస, ముదురు కలప కాక ఏడాదిలో పండి రాలిన గింజల వయసులు చేరితే కిటికీ ఇరుకవుతుంది. ఉద్యోగంలో నెలల తరబడి సాగే పని ఇదే.

ఈ సాక్ష్యానికి కాదనే బలం ఔననే బలం కంటే ఎక్కువ. 1988లో ఆక్స్‌ఫర్డ్, జూరిక్, అరిజోనా ప్రయోగశాలలు మూడూ ఇటలీలోని ట్యూరిన్ వస్త్రపు పీలికలను పరీక్షించి, నూటికి 95 పాళ్ల నమ్మకంతో క్రీ.శ. 1260-1390 నాటివని చెప్పాయి. ఏసు శవాన్ని చుట్టిన వస్త్రమన్న మాటకు అది గట్టి దెబ్బ. కాలం కుదిరి ఉంటే మాత్రం మొదటి శతాబ్దపు ఏదో ఒక వస్త్రమని తేలేదే తప్ప ఎవరి వస్త్రమో తేలేది కాదు. ఆదుర్రులోనూ పునాది కింది గింజలన్నీ క్రీస్తుశకానివైతే, ఇప్పుడు కనబడే ఇటుకపనికి సంఘమిత్ర పునాది వేసిందన్న మాట నిలవదు. పాత స్తూపాన్ని లోపల ఉంచి మీద పెద్దది కట్టడం బౌద్ధుల్లో మామూలే కాబట్టి, లోపలి కట్టడం ఒకటి ఉండి ఉంటే అన్న ప్రశ్న అప్పటికీ మిగులుతుంది.

ఇక మూడో మాట: చేయి ఎవరిది? అశోకుని కాలంలోనే పునాది పడిందని తేలినా, వేసింది సంఘమిత్ర అయితే ఆ బొగ్గు దొరికే అవకాశం ఎంతో, పేరు తెలియని ఒక భిక్షువో, ఒక వర్తకుడో అయినా అంతే. నిష్పత్తి ఒకటికి ఒకటి. ఒకటితో ఎంత గుణించినా నమ్మకం ఉన్నచోటే ఉంటుంది. ఎన్ని వందల బొగ్గుముక్కలు వచ్చినా అంతే. పొగను చూసి నిప్పును తెలుసుకోవచ్చు, నిప్పు రాజేసిన చేతిని పొగ చూపదు. 2013లో బుద్ధుని జన్మస్థలమైన లుంబినీలో మాయాదేవి ఆలయం అడుగున క్రీ.పూ. 6వ శతాబ్దపు కొయ్య కట్టడం ఆనవాళ్లు బయటపడ్డాయని రాబిన్ కనింగ్‌హామ్ బృందం ప్రకటించినప్పుడు, బుద్ధుని జన్మకాలం తేలిపోయిందని పత్రికలు రాశాయి. తేలింది ఆ చోట అంత పాత కట్టడం ఉందని. అది బుద్ధుని కోసమే కట్టినదా, అంతకుముందు నుంచీ పూజలందుకున్న వృక్షస్థానమా అన్న చోట పండితులు ఆగారు. ఆగడమే సరి.

చేతిని చూపగలిగేది మాట ఒక్కటే. గుంటూరు సీమలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే వెలికితీసిన ధాతుకరండాల మీద బ్రాహ్మీ లిపిలో శాసనాలున్నాయి. వాటిలో దాతల పేర్లున్నాయి, కుబీరకుడనే రాజు పేరుంది. ఆ పేరు మరొకరు చెక్కే అవకాశం చాలా తక్కువ కాబట్టి అక్కడ నిష్పత్తి ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఊళ్లో చెప్పుకునే మాట, శాసనం రెండూ శబ్దమే, అంటే మాట రూపంలోని సాక్ష్యమే. తేడా ఏమిటంటే శాసనం చెక్కిన నాటి నుంచి మారలేదు, నోటిమాట ప్రతి తరంలోనూ కొత్తగా పుట్టింది. నైయాయికులు ఆప్తుని మాటను వేరే ప్రమాణంగా అంగీకరించారు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ప్రత్యక్షం, అనుమానం రెండే చాలన్నాడు. మాట నమ్మదగినదని తెలిసేది చెప్పినవాని విశ్వసనీయతను బట్టి అనుమానించినప్పుడే కాబట్టి శబ్దం అనుమానంలోనే ఒదుగుతుందని ఆయన మతం. బౌద్ధ క్షేత్రపు కథను తూచడానికి బౌద్ధ తర్కమే ఇంత కఠినమైన రాయిని ఇవ్వడం గమనించదగినది. గణాంక నమూనా కట్టేవారు ఈ విషయంలో, తెలిసినా తెలియకపోయినా, దిఙ్నాగుని శిష్యులు. వారికి ఊరి కథ ఒక సాక్ష్యం. ఎంత పాతది, ఎన్ని నోళ్లు దాటింది, సింహళ చరిత్ర చెప్పే మహావంశం వంటి గ్రంథాలు చదివినవారు తెచ్చి అతికించే వీలుందా అని అడిగాకే దానికి బరువు కడతారు.

లేమి గురించి కూడా బౌద్ధులు సూక్ష్మంగా ఆలోచించారు. కనబడలేదు కాబట్టి లేదనడం ఎప్పుడు చెల్లుతుంది? ఉంటే తప్పక కనబడవలసిన వస్తువు కనబడనప్పుడే చెల్లుతుందన్నాడు ధర్మకీర్తి. గదిలో దీపం వెలుగుతున్నప్పుడు కుండ కనబడకపోతే కుండ లేదు. కంటికి ఆననిది కనబడకపోతే మిగిలేది సంశయం, అభావం కాదు. కోనసీమ నేలకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. గోదావరి ప్రతి వరదకూ ఒండ్రు పరుస్తుంది, పాయలు దారి మార్చుకుంటాయి, 1996 నవంబరు 6న వచ్చినటువంటి తుపానులు తీరాన్ని తిరగరాస్తాయి. మెరకల మీద ఇళ్లు, కొబ్బరితోటలు, పల్లాల్లో వరిచేలు. పాత ఊళ్లు ఎక్కడున్నా వాటి మీద ఇప్పటి ఊళ్లో, రెండు నిలువుల మట్టో ఉంటుంది. పైపైన నడిచి వెతికినప్పుడు ఉన్న స్థలం కనబడే అవకాశం పదోవంతే అనుకుంటే, ఒక ప్రాంతంలో అయిదు స్థలాలున్నా ఒక్కటీ దొరకకపోయే అవకాశం నూటికి 59. రాజోలు, అమలాపురం, కొత్తపేట చుట్టుపక్కల బౌద్ధ అవశేషాలు ఇంతే ఉన్నాయని పటం గీసేవారు ఈ అంకెను పక్కన రాయకపోతే, మట్టి దాచినదాన్ని చరిత్ర కాదన్నట్టు చూపించినవారవుతారు.

రెండో మాట, తీరానిది, ఈ మూడిటిలో లెక్కకు బాగా అందేది. డెల్టా సముద్రంలోకి జరుగుతూ వచ్చింది. పాత తీరరేఖల ఇసుక దిబ్బలు తీరానికి సమాంతరంగా వరసలుగా నిలిచి ఉన్నాయి. వాటిలోని గవ్వల, ఆల్చిప్పల వయసు కట్టవచ్చు. సముద్రపు నీటిలోని కార్బన్ గాలిలోని దానికంటే పాతది కాబట్టి మరో సవరణ చేయాలి. అలా 2,200 ఏళ్ల కిందటి తీరం ఆదుర్రుకు ఎంత దూరమో ఒక హద్దు నుంచి మరో హద్దు వరకు చెప్పవచ్చు. దీనికి భక్తుడు, నాస్తికుడు ఇద్దరూ ఒకే జవాబును ఒప్పుకోగలరు.

మొదటి మాటలో అసలు చిక్కు లెక్క మొదలుపెట్టే నమ్మకం దగ్గర ఉంది. పై ఉదాహరణలో వెయ్యికి వంద అన్నది ఎవరు నిర్ణయించారు? సింహళపు భిక్షువు 900 అనవచ్చు, సంశయవాది 10 అనవచ్చు. అదే బొగ్గు భిక్షువు లెక్కను నూటికి 98 దాకా తీసుకుపోతుంది, సంశయవాది లెక్కను 5 దగ్గర వదులుతుంది. ఇది సూత్రంలోని లోపమని ఫిషర్ వంటివారు ఆక్షేపించారు. నిజానికి ఈ పద్ధతి గొప్పదనం ఇక్కడే ఉంది. పాత పద్ధతిలో పండితుని నమ్మకం వాక్యాల మధ్య దాక్కుని పనిచేసేది, ఇక్కడ అది అందరికీ కనబడేలా కాగితం మీద మొదటి వరసలో కూర్చుంటుంది. ఎవరు ఏ నమ్మకంతో వచ్చారో, సాక్ష్యం వారిని ఎంత కదిలించిందో విడివిడిగా చూడవచ్చు. మహలనోబిస్ 1954లో రాసిన ఒక వ్యాసంలో జైనుల స్యాద్వాదానికీ సంభావ్యతా చింతనకూ పోలిక చూపారు. జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో అదే దారిలో రాశాడు. ప్రతి వాక్యానికీ ముందు "ఒక దృష్టితో" అన్న మాట చేర్చమన్న జైనుల నియమం ఇక్కడ ఒక గడిగా మారింది: ఫలానా నమ్మకంతో మొదలైతే, ఫలానా జవాబు.

ఆదుర్రు మీద అటువంటి నివేదిక ఒకటి తయారైతే అందులో కాలానికి ఒక వెడల్పు, దాని పక్కన మొదటి నమ్మకాలు, తీరానికి ఒక దూరం అంకెల్లో ఉంటాయి. సంఘమిత్ర పేరుకు ఎదురుగా అంకె ఉండదు. అక్కడ కథను ఊరివాళ్లు చెప్పే మాటల్లోనే, ఏ ఊళ్లో, ఏ వయసువారి నోట, ఏ సంవత్సరంలో విన్నదో రాసుకుని, శబ్దం కింద నమోదు చేస్తారు.